బ్రాంటోథీరియం: వాడుకలోంచి పోయిన ఆ పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పొద్దున్నే పిల్లలకి క్విజ్ పెడుతుంటాను. ఒకసారి రెండు కొమ్ముల జంతువు బొమ్మ చూపించి పేరు అడిగాను. ఏడో తరగతి గుంటడు ఒకడు టక్కున “మెగాసెరాప్స్” అన్నాడు. నా చేతిలో కార్డు మీద “బ్రాంటోథీరియం” అని ఉంది. తప్పని చెప్పి సున్నా వేశాను. సాయంత్రం వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, “మావాడు అన్నం తినట్లేదండీ, ఒకసారి మళ్ళీ చూడండి” అన్నారు. చూశాను. వాడే కరెక్టు. పాత పుస్తకాల బండి దగ్గర కొన్న ఎన్‌సైక్లోపీడియాలోంచి కార్డు రాసుకున్నది నేను. తర్వాతి ఆదివారం అందరి ముందు వాడికి పది మార్కులూ వేసి, సారీ కూడా చెప్పాను.

అప్పటినుంచి ఈ జంతువు గురించి ఎవరికే డౌటొచ్చినా నాకే ఫోన్. అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయని ఇక్కడ రాసి పెట్టాను. ఎక్కణ్ణుంచి చదివినా పర్వాలేదు.

## పేరు మొదటిసారి విన్నప్పుడు

బొమ్మ పొట్ట కింద బ్రాంటోథీరియం అని ఉంది, ఫోన్‌లో వెతికితే మెగాసెరాప్స్ అని వస్తోంది. రెండూ ఒకటేనా?

ఒకటే. బ్రాంటోథీరియం అన్నది 1873లో పెట్టిన పేరు. అదే జంతువుకి 1870లోనే మెగాసెరాప్స్ అన్న పేరు ఉందని తర్వాత తేలింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు శాస్త్రవేత్తలు మెగాసెరాప్స్ అనే రాస్తున్నారు. బొమ్మల కంపెనీలు, పాత పుస్తకాలు ఇంకా పాత పేరు వదల్లేదు. బొమ్మ నకిలీదేం కాదు, లేబుల్ పాతది, అంతే.

డైనోసార్ల సెట్‌లో వచ్చింది. ఇది డైనోసారేనా?

కాదు. ఇది పాలిచ్చే జంతువు, అంటే క్షీరదం. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల కిందటే పోయాయి. ఇది బతికింది సుమారు 3.8 కోట్ల నుంచి 3.4 కోట్ల ఏళ్ల కిందటి దాకా. ట్రైసెరాటాప్స్ పక్కన నిలబెడితే కొమ్ముల వల్ల అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ, ఆ రెండింటి మధ్యా దాదాపు 3 కోట్ల ఏళ్ల ఎడం ఉంది.

బ్రాంటోసారస్‌కీ దీనికీ చుట్టరికం ఉందా?

పేరులో సగం తప్ప ఏమీ లేదు. గ్రీకులో “బ్రాంటే” అంటే ఉరుము, “థీరియన్” అంటే మృగం, “సారోస్” అంటే బల్లి. ఒకటి ఉరుము మృగం, రెండోది ఉరుము బల్లి. రెండు పేర్లూ పెట్టింది మాత్రం ఒక్కరే, యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఓత్నియల్ చార్లెస్ మార్ష్. మృగానికి 1873లో, బల్లికి 1879లో. ఆయనకి ఉరుములంటే ఇష్టమేమో!

ఉరుము అని ఎందుకు పెట్టారు?

అమెరికా మైదానాల్లో ఉండే లకోటా తెగవాళ్ళకి ఒక నమ్మకం ఉండేదని చెబుతారు. పెద్ద గాలివాన వెలిశాక మట్టి కొట్టుకుపోయి నేలలోంచి పెద్ద పెద్ద ఎముకలు బయటపడేవి. ఉరుముతో పాటు ఆకాశంలో పరిగెత్తే జంతువులు కిందికి దిగినప్పుడు మిగిలిన ఎముకలివి అని అనుకునేవారట. మార్ష్ పెట్టిన పేరుని ఈ కథతో కలిపి చాలాచోట్ల చెబుతుంటారు.

మనకి ఇది మరీ వింతగా అనిపించకూడదు. మా అమ్మమ్మ ఊళ్ళో పొలం దున్నుతుంటే దొరికిన నున్నటి పాత రాతి గొడ్డలిని “పిడుగురాయి” అని దాచుకునేవారు. పిడుగుతో పాటు పడిందని నమ్మకం. వాన తర్వాత నేలలోంచి ఏది తేలినా ఆకాశం నుంచి పడిందనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

తెలుగులో ఏమని పిలవాలి?

స్థిరపడిన పేరు ఏదీ లేదు. నేను పిల్లలతో “ఉరుము మృగం” అంటాను. “ఖడ్గమృగం” అని మాత్రం రాయకండి, అది వేరే జంతువు.

## జంతువు సంగతి

ఎంత పెద్దగా ఉండేది?

పెద్ద మగది భుజం దగ్గర సుమారు 2.5 మీటర్లు, అంటే 8 అడుగులు దాటి. మన ఫ్లాట్ల గుమ్మం 7 అడుగులు. తల వంచినా వీపు ద్వారబంధానికి తగిలేస్తుంది. పొడవు 5 మీటర్లకి దగ్గర్లో ఉండేది. భుజాల దగ్గర వెన్నెముక మీద పొడుగాటి ముళ్ళలాంటి ఎముకలు ఉంటాయి. బరువైన తలని మోసే కండరాలు వాటికి పట్టుకుని ఉండేవి. అందుకే బొమ్మల్లో వీపు ముందువైపు మూపురంలా ఎత్తుగా చూపిస్తారు. ముందు కాళ్ళకి నాలుగేసి, వెనక కాళ్ళకి మూడేసి వేళ్ళు. మీ బొమ్మకి అన్ని కాళ్ళకీ మూడేసి వేళ్ళే ఉంటే, అచ్చు పోసినవాడు ఖడ్గమృగాన్ని చూసి పోసినట్టే.

చూస్తే ఖడ్గమృగంలా ఉంది. దాని తాతేనా?

తాత కాదు, దూరపు దాయాది. గుర్రం, ఖడ్గమృగం, టేపిర్ (పొట్టి తొండంలాంటి ముక్కున్న అడవి జంతువు) అన్నీ బేసి వేళ్ళ గిట్టల జంతువుల గుంపులోవి. ఉరుము మృగం కూడా ఆ గుంపులోదే, కానీ శాఖ వేరు. ఆ శాఖ వారసులు లేకుండా ఆగిపోయింది.

అసలు తేడా కొమ్ముల్లో తెలుస్తుంది. ఖడ్గమృగం కొమ్ములో ఎముక ఉండదు. మన గోళ్ళు, వెంట్రుకలు ఏ పదార్థంతో తయారవుతాయో అదే పదార్థం గట్టిగా పేరుకుపోయి కొమ్మవుతుంది. ఆవు కొమ్ములో లోపల ఎముక, పైన తొడుగు. ఉరుము మృగానిది రెండూ కాదు. పుర్రె ఎముకే ముక్కు మీదుగా ముందుకి పెరిగి రెండు మొద్దు కొమ్ములుగా చీలుతుంది, మన క్యాటపల్ట్ కర్ర పంగలాగా. దానిపైన చర్మం కప్పి ఉండేదని అనుకుంటున్నారు, జిరాఫీ కొమ్ములకి ఉన్నట్టు. సూదిగా, నల్లగా మెరిసే కొమ్ములున్న బొమ్మ వస్తే అది కళాకారుడి సరదా.

ఆ కొమ్ములతో ఏం చేసేది?

మగవి ఒకదాన్నొకటి కుమ్ముకునేవని ఎక్కువమంది అభిప్రాయం. మగవాటి కొమ్ములు పెద్దవి, ఆడవాటివి చిన్నవి. విరిగి మళ్ళీ అతుక్కున్న పక్కటెముక ఉన్న అస్థిపంజరం ఒకటి దొరికింది. పక్క నుంచి ఇంకో మగది గట్టిగా పొడిచి ఉంటుందని దాన్ని అర్థం చేసుకున్నారు. సింహాచలం దారిలో రెండు ఆంబోతులు తలపడితే ట్రాఫిక్ ఎలా ఆగుతుందో చూసినవాళ్ళు ఆ దృశ్యాన్ని సులువుగా ఊహించుకోగలరు.

ఏం తినేది?

లేత ఆకులు, చిగుళ్ళు. పళ్ళు పొట్టివి, గరుకు గడ్డి నమిలితే తొందరగా అరిగిపోయేవి. పై దవడ పళ్ళని కిందనుంచి చూస్తే బయటి అంచు మీద ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలాంటి గట్టు కనిపిస్తుంది.

ఎలా అంతరించింది?

సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట భూమి చల్లబడింది. అంటార్కిటికా మీద మంచు పేరుకోవడం మొదలైంది. ఉత్తర అమెరికాలో తడి అడవులు తగ్గి, ఎండుగా, బయలుగా ఉండే నేలలు పెరిగాయి. లేత ఆకుల మీద బతికే ఈ భారీ జంతువులకి తిండి దొరకడం కష్టమైంది. ఒక్క రోజులో ఉల్క పడి పోయినవి కావు.

డీఎన్‌ఏ తీసి మళ్ళీ పుట్టించలేరా?

లేరు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత డీఎన్‌ఏ సుమారు 20 లక్షల ఏళ్లది, గ్రీన్‌లాండ్ మట్టిలోంచి తీశారు. ఇది పోయి 3.4 కోట్ల ఏళ్లు. పిల్లలు సినిమాలు చూసి అడుగుతారు, పాపం నిరాశపడతారు.

## పేరు ఎలా పోయింది

మూడేళ్ల తేడాకే పేరు తీసేస్తారా? మరీ అన్యాయం కదా?

విశాఖలో స్థలం కొన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకే స్థలానికి రెండు రిజిస్ట్రేషన్లు తేలితే ముందు తేదీ దస్తావేజు చూస్తారు. జంతువుల పేర్లకీ అంతర్జాతీయ నియమావళి ఉంది. అందులో మొదటి సూత్రం అదే: ముందు పద్ధతిగా ప్రచురించిన పేరుదే హక్కు. ఫిలడెల్ఫియా శాస్త్రవేత్త జోసెఫ్ లైడీ 1870లో కొలరాడోలో దొరికిన కొమ్ముల ముక్కు భాగాన్ని చూసి మెగాసెరాప్స్ కొలరాడెన్సిస్ అని పేరు పెట్టారు. మార్ష్ 1873లో బ్రాంటోథీరియం గైగాస్ అన్నారు. రెండూ ఒకే జంతువు అని ఒప్పుకున్నాక రెండో పేరు మొదటిదానిలో కలిసిపోక తప్పదు. ఎవరి పేరు బాగుంది, ఎవరు గొప్పవారు అన్నది లెక్కలోకి రాదు. నన్నడిగితే పేరుగా ఉరుము మృగమే బాగుంది. మెగాసెరాప్స్ అంటే “పెద్ద కొమ్ముల ముఖం”, అంతే.

ఒకే జంతువుకి అన్ని పేర్లు ఎందుకు పడ్డాయి?

టైటనోథీరియం, మెనోడస్, సింబోరోడాన్, బ్రాంటాప్స్, టైటనాప్స్, అల్లాప్స్, మెనాప్స్, డిప్లోక్లోనస్... ఇంకా ఉన్నాయి. రెండు కారణాలు.

మొదటిది పోటీ. మార్ష్‌కీ, ఆయనలాగే ఎముకల వేటలో ఉన్న శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1870ల నుంచి ఒకరికంటే ముందు ఒకరు పేరు పెట్టేయాలని ఎముక దొరికితే చాలు, వ్యాసం పంపేవారు. కోప్ సింబోరోడాన్ అన్నదీ, మార్ష్ బ్రాంటోథీరియం అన్నదీ ఒకే ఏడాది, 1873. లైడీ మెత్తటి మనిషి, ఈ గొడవ పడలేక పక్కకి తప్పుకున్నారు.

రెండోది అసలైన చిక్కు. ఈ జంతువుల్లో కొమ్ములు ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు. మగది, ఆడది, లేతది, ముదురుది, పైగా ఒక్కోదానికి ఒక్కో తీరు. కొమ్ము పొడుగుంటే ఒక పేరు, పొట్టిగా ఉంటే ఇంకో పేరు, కాస్త పక్కకి వాలితే మరోటి పెట్టుకుంటూ పోయారు. నూకాలమ్మ జాతరకి వచ్చిన పొట్టేళ్ళన్నిటినీ కొమ్ముల వంపు చూసి వేరు వేరు జాతులనేస్తే ఎలా ఉంటుందో, అలా.

మరి దీన్ని తేల్చింది ఎవరు?

అమెరికా శాస్త్రవేత్త హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బార్న్ 1929లో ఈ కుటుంబం మీద రెండు భారీ సంపుటాలు వేశారు. పేర్లు తగ్గలేదు సరికదా, ఇంకా చిక్కుపడ్డాయి. కొమ్ములు ఏదో లోపలి తపనతో తరతరానికీ పెద్దవవుతూ పోయాయని ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడెవరూ ఒప్పుకోరు.

గట్టిగా శుభ్రం చేసింది మ్యాథ్యూ మిల్‌బాక్లర్. 2004లో తోటివాళ్ళతో కలిసి, తర్వాత 2008లో ఒక పెద్ద గ్రంథంలో ఆ ఎముకలన్నీ మళ్ళీ కొలిచి, పేర్లలో ఎక్కువ భాగం ఒకే జాతిలోని తేడాలకి పెట్టినవే అని చూపించారు. చివరికి మెగాసెరాప్స్‌లో రెండు జాతులు ఉంచారు. ఒకటి పాత కొలరాడెన్సిస్. రెండోది కొమ్ముల చివర మళ్ళీ చీలి ఉండే కువగాటరైనస్, దానికి 1995లో పేరు పెట్టారు.

మెనోడస్ 1849, టైటనోథీరియం 1852. అవి ఇంకా పాతవి కదా! అవెందుకు గెలవలేదు?

ఈ ప్రశ్న అడిగినది ఇంటర్ చదివే అమ్మాయి. నాకు రెండు రోజులు పట్టింది.

కథ 1846లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలవుతుంది. హైరమ్ ప్రౌట్ అనే డాక్టరు, వైట్ రివర్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక దవడ ముక్కని వర్ణించారు. పారిస్ దగ్గర దొరికిన పాలియోథీరియం అనే అంతరించిన జంతువు లాంటిదే గానీ చాలా పెద్దదని ఆయన అంచనా. ఆ తర్వాత వచ్చిన పాత పేర్లన్నీ అలాంటి దవడ ముక్కల చుట్టూ తిరిగినవే. చిక్కేంటంటే ఈ కుటుంబంలో దవడలు, పళ్ళు చూసి ఏ జాతో చెప్పలేం. కొమ్ములూ పుర్రే ఉంటేనే పోల్చుకోగలం. దస్తావేజు పాతదే, కానీ అందులో సర్వే నంబరు లేదు, సరిహద్దులు లేవు. ఏ స్థలానిదో తేలకపోతే ఎంత పాతదైనా పని చేయదు. అలాంటి వాటిని “అనుమానాస్పద నామం” అని పక్కన పెడతారు. లైడీ 1870లో చేతిలో పట్టుకున్నది కొమ్ములున్న ముక్క, అందుకే ఆయన పేరు నిలబడింది. టైటనోథీరియం కూడా ఆయన పెట్టిందే. ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వచ్చింది.

బ్రాంటోథీరియం చెల్లకపోతే, కుటుంబం పేరు బ్రాంటోథీరిడే ఎందుకు మార్చలేదు?

మన స్టేషన్‌ని చూడండి. వాల్తేరు స్టేషన్ విశాఖపట్నం అయ్యి ఎన్నో ఏళ్లైంది, కానీ రైల్వే డివిజన్‌ని మొన్నమొన్నటి దాకా వాల్తేరు డివిజన్ అనే అన్నారు. జంతువుల నియమావళిలోనూ అలాంటిదే ఉంది. ఒక ప్రజాతి (జీనస్) పేరు ఇంకో పేరులో కలిసిపోయినంత మాత్రాన, దాని మీద కట్టిన కుటుంబం పేరు మార్చక్కర్లేదు. అందుకే మెగాసెరాప్స్ ఇంటిపేరు ఇంకా బ్రాంటోథీరిడేనే.

బ్రాంటోసారస్ పేరు మళ్ళీ వచ్చింది కదా, ఇది కూడా రావచ్చా?

దారి పూర్తిగా మూసుకుపోలేదు. బ్రాంటోసారస్‌ని 1903లో అపటోసారస్ అనే ఇంకో డైనోసార్‌లో కలిపేశారు. 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం రెండూ వేరే అని చూపించడంతో పేరు తిరిగొచ్చింది. మార్ష్ చూసిన ఎముకలు మెగాసెరాప్స్ కంటే వేరని ఎవరైనా గట్టిగా చూపిస్తే బ్రాంటోథీరియం కూడా లేస్తుంది. ఇప్పటికైతే అలాంటి కదలిక లేదు.

బలూచిథీరియం కూడా ఇలాంటి పాత పేరేనా?

అవును, కానీ జంతువు వేరు. అది కొమ్ముల్లేని భారీ ఖడ్గమృగ బంధువు. ఇప్పటి పేరు పారాసెరాథీరియం. తమాషా ఏంటంటే 1911లో ఈ పేరూ, 1913లో ఆ పేరూ పెట్టింది ఒకే మనిషి, క్లైవ్ ఫార్‌స్టర్ కూపర్.

## చార్టు, క్విజ్, పరీక్ష

స్కూల్ చార్టు మీద ఏం రాయమంటారు?

పైన పెద్ద అక్షరాలతో “మెగాసెరాప్స్”. కింద చిన్నగా “పాత పేరు: బ్రాంటోథీరియం”. దాని కింద “3.8–3.4 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అమెరికా”. ఇంతకంటే ఎక్కువ రాస్తే టీచరు చదవరు. బొమ్మలో గడ్డి కాకుండా పొదలు వేయించండి.

క్విజ్‌లో పాత పేరు చెబితే మార్కు ఇవ్వాలా?

నేను ఇస్తాను, రెండు పేర్లకీ. ఒకసారి చెయ్యి కాలింది కదా. “ఇప్పుడు చెల్లే పేరు ఏది” అని అడిగితే మాత్రం మెగాసెరాప్స్ ఒక్కటే.

పోటీ పరీక్షలో వస్తే?

ఆప్షన్లలో రెండూ ఉండే అవకాశం తక్కువ. ఉన్నది పెట్టేయండి. దీనికోసం టెన్షన్ పడొద్దు.

ఇంట్లో ఉన్న పాత ఎన్‌సైక్లోపీడియా పారేయాలా?

అయ్యో, వద్దు. పెన్సిల్‌తో పక్కన కొత్త పేరు రాసుకోండి. పైగా పాత వ్యాసాలు వెతకాలంటే పాత పేర్లే కావాలి. అమెరికాలో ఈ ఎముకలు దొరికే రాతి పొరలని ఒకప్పుడు “టైటనోథీరియం పొరలు” అనేవారు. ఆ మాట తెలియకపోతే ఆనాటి రాతలు అర్థమే కావు.

## విశాఖలో ఉన్నవాళ్ళకి

కైలాసగిరి దగ్గర తవ్వితే దొరుకుతుందా?

దొరకదు. కైలాసగిరి రోడ్డు పక్కన తుప్పు పట్టినట్టుండే రాయి ఖొండలైట్. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట రూపం మారిన రాయి అది. దగ్గర పెట్టుకుని చూస్తే ఊదా రంగు చుక్కలు కనిపిస్తాయి, గార్నెట్‌లు. అలాంటి రాతిలో ఎముకలు మిగలవు, పైగా అప్పటికి ఎముకలున్న జంతువులే లేవు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు దీనికి పూర్తిగా ఎదురు. అవి మరీ కొత్తవి. ఉరుము మృగం పోయిన కోట్ల ఏళ్ల తర్వాత పేరుకున్న ఇసుక అది.

మన వైపు ఈ కుటుంబం జంతువులు అసలు లేవా?

మెగాసెరాప్స్ ఒక్క ఉత్తర అమెరికాదే. దాని చుట్టాలు మాత్రం ఆసియాలోనూ ఉన్నాయి. మంగోలియాలో ఎంబోలోథీరియం దొరికింది, దానికి ముక్కు మీద పారలాంటి ఒకే పెద్ద ఎముక. మనకి ఇంకా దగ్గర్లో, బర్మాలో కూడా ఒక చుట్టం ఉంది. పొండాంగ్ రాళ్ళలో సివాటైటనాప్స్ దొరికింది. మా ముత్తాతగారు ఇక్కడి నుంచే ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్ళి బియ్యం మిల్లులో పని చేశారు. వాళ్ళు చేరిన ఆ దేశం మట్టి కిందే ఉరుము మృగాల బంధువులు ఉన్నాయంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

తెలుగు నేల మీద ఖడ్గమృగాలైనా ఉండేవా?

ఉండేవి. ఉమ్మడి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాలు చేయించారు. అక్కడి ఎముకలు చూసి రిచర్డ్ లిడెకర్ 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదే “రైనోసెరస్ కర్నూలియెన్సిస్” అని పెట్టారు. కర్నూలువాళ్ళు దీని గురించి గొప్పలు చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు.

ఆర్కే బీచ్‌లో మా పాపకి నల్లగా, బరువుగా పన్ను దొరికింది. ఇదేనేమో?

ఇలాంటి ఫొటోలు నాకు నెలకొకటి వస్తాయి. ఇప్పటిదాకా వచ్చినవన్నీ గేదె పళ్ళు, ఆవు పళ్ళు. ఉప్పునీళ్ళలో నాని, నల్ల ఇసుకలో దొర్లి ముదురు రంగుకి తిరుగుతాయి. పన్ను నమిలే వైపు తిప్పి చూడండి. పొడుగాటి పన్ను మీద నెలవంకల్లా మెలికలు తిరిగిన గీతలుంటే అది పశువుదే. డౌటు తీరకపోతే ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా చూపించండి. ఈలోపు పన్నుని మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది, పాప ఏడుస్తుంది.